ఎడమచేతి ముడి

ఎనిమిదో తరగతి. వాన. కరెంటు లేదు.
సిమెంటు సంచుల కాగితాలు ఆరు అతికించి
వరండాలో పరిచాం.
అందరికన్నా పొట్టి కూర్మారావుని దానిమీద పడుకోబెట్టి
చుట్టూ బొగ్గుతో గీశాం.
కితకితలకి వాడు మెలికలు తిరిగాడు,
అందుకే మా మనిషికి
నడుం ఒక పక్క కాస్త ఎక్కువైంది.

గుండెకి నాలుగు అగ్గిపెట్టెలు,
పైన రెండు, కింద రెండు.
గదికీ గదికీ మధ్య తలుపు సైకిలు ట్యూబు ముక్క.
ఒకవైపే తెరుచుకోవాలర్రా అంటే
"చేపల మావులాగ, దూరింది మరెనక్కి రాదు"
అన్నాడు ఢిల్లేశు.
నేను ఇన్నేళ్ళూ అంత బాగా చెప్పలేదు.

ఊపిరితిత్తులకి ఏకిన కొబ్బరిపీచు.
ఎర్రదారం మొలతాళ్ళ కొట్టు నుంచి,
నీలందారం వలలు బాగుచేసే వాళ్ళింటి నైలాను.
నిజానికి లోపల నీలం ఏమీ లేదు,
అదీ ఎరుపే, కాస్త ముదురు,
దారి తెలియడానికే ఈ రంగు అని చెప్పాను.
ఎవరూ విన్నట్టు లేదు,
మైదా జిగురు వేళ్ళని వదలటం లేదు.

అడక్కుండానే ఎవరో
నడుం దగ్గర రెండు జీడిపిక్కలు పెట్టారు.
ఇవాళ్టి పాఠంలో అవి లేవు.
ఉద్దానం పిల్లలకి అవి ఎక్కడుంటాయో
పుస్తకం చెప్పక్కర్లేదు.
నేను తీయలేదు.

ఎరుపు గుండెలో బయల్దేరి
భుజం దిగి, మోచెయ్యి దాటి, వేళ్ళ చివర
పోగులు పోగులుగా విడిపోవాలి.
ఆ పోగుల్లోంచే నీలం పుట్టి వెనక్కి నడవాలి.
దమయంతి చేసిన ఎడమచేతిలో
మణికట్టు దగ్గరే, వేళ్ళదాకా పోకుండా,
ఎరుపు నీలంతో ముడిపడి ఉంది.
పంటితో బిగించిన ముడి.

"తప్పమ్మా, ఇక్కడ కలవకూడదు" అని
కత్తెర తీశాను.
చెయ్యి అడ్డం పెట్టింది.

"తప్పు కాదు మేస్టారూ.
మా బాబుకి ఇశాపట్నంలో కోసి ఇలాగే కలిపీసినారు.
సోమారం, గురువారం ఇక్కడే రెండు సూదులు గుచ్చుతారు.
ఒకదాంట్లోంచి రగతం మిషన్లోకి ఎలిపోద్ది,
ఇంకోదాంట్లోంచి వచ్చీస్తాది.
ఆ సేత్తో బిందె ఎత్తకూడదు,
ఆ సెయ్యి తలకింద ఎట్టుకుని తొంగోకూడదు.
పొద్దున్నే నాను చెవి ఆనించి సూస్తాను,
జోరీగలాగ రొద సేస్తాది.
రొద ఉంటే మంచిదంట."

పద్దెనిమిదేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను.
ఆ ముడికి నా పుస్తకంలో బొమ్మ లేదు.
కత్తెర జేబులో పెట్టుకున్నాను.

శుక్రవారం ఆయనే వచ్చాడు, వైకుంఠరావు,
కొబ్బరిచెట్లు ఎక్కటం మానేసిన మనిషి.
వాచిన కాళ్ళకి చెప్పులు పట్టక
గుమ్మంలోనే విడిచాడు.
చొక్కా మడిచి, చెయ్యి బల్లమీద పెట్టి
"రండి బాబూ" అన్నాడు.
ముప్పైమంది వరసలో వచ్చి
ఒక్కొక్కరే చెవి ఆనించారు.
పరీక్షలప్పుడు కూడా మా బడి అంత మౌనంగా లేదు.
"కంచిలి దాటి రైలొస్తున్నట్టుంది" అన్నారెవరో.
కూర్మారావు రెండోసారి వరసలో దూరాడు.
ఢిల్లేశు మాత్రం రాలేదు,
తలుపు పట్టుకుని నిలబడ్డాడు.
వాళ్ళమ్మ చేతిలో రొద ఆగిపోయిన పొద్దు
వాడికి తెలుసు.
వైకుంఠరావు వాణ్ణి పిలవలేదు.
వెళ్ళేటప్పుడు మాత్రం
ఆ చెయ్యి కాసేపు వాడి తలమీద పెట్టాడు.

ఆఖర్న నేనూ వంగాను.
చర్మం వెచ్చగా, కొబ్బరినూనె వాసన.

ఇప్పుడా కాగితం మనిషి గోడమీద ఉన్నాడు.
తేమకి అంచులు లేచాయి,
ఒక జీడిపిక్క ఎలకెత్తుకుపోతే
మర్నాటికల్లా ఇంకోటి వచ్చింది, ఎవరు పెట్టారో.
మొన్న తనిఖీకొచ్చినాయన
కళ్ళజోడు సర్దుకుని, ముడి మీద వేలు పెట్టి
"ఇది సరిచేయించండి మాస్టారూ" అన్నాడు.

దమయంతి అప్పటికే లేచి నిలబడింది.